బండినే వెడల్పు చేసిన సిద్దికా

మార్టూరు దగ్గర హైవే పక్కన గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు వరసగా ఉన్నచోట, రాతిపొడి పడి తెల్లబడ్డ రేకుల షెడ్డు ఒకటుంది. రాళ్ల లారీకి టైరు పేలితే డ్రైవర్లు ముందు ఆ షెడ్డుకే ఫోన్ చేస్తారు. "సిద్దికమ్మ ఉందా?" అని అడుగుతారు. ఉందంటేనే బండి అటు తిప్పుతారు. బోర్డు మీద మాత్రం ఆమె అన్న ఖాజావలి పేరుంటుంది.

సిద్దికా తాత ఊరూరా తిరిగి దూదేకి పరుపులు కుట్టేవాడు. తండ్రి సిలార్ కాలానికి ఆ పనికి పిలిచేవాళ్లు లేకపోయారు. ఆయన పంక్చర్లు వేయడం నేర్చుకుని హైవే పక్కకు చేరాడు. తల్లి మిర్చి తొడిమలు తీసే పనికి పోతూ కూతుర్ని వెంట తీసుకుపోయేది. సాయంత్రానికి పిల్ల వేళ్లు మండిపోయేవి. ఒకరోజు సిద్దికా ఆ మిర్చి కుప్ప దగ్గర్నుంచి లేచి, తిన్నగా నడుచుకుంటూ వచ్చి తండ్రి షెడ్డులో కూర్చుంది. చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయినా మర్నాడు మళ్లీ అక్కడే కనిపించింది. చివరికి సిలార్ విసుగెత్తి ఆమె చేతికి టైరు ఊడదీసే కడ్డీ ఇచ్చాడు.

"ఆడపిల్లన్నాక ఒదిగుండాలే," అని తల్లి పోయేదాకా అంటూనే ఉంది. ఒంగోలు సంబంధం చేసినప్పుడు అత్తగారూ అదే మాటన్నది. రెండేళ్లకు సిద్దికా పుట్టింటికి తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని అడిగినవాళ్లకు, "ఆ ఇంట్లో నేను పట్టలేదు," అని మాత్రం చెప్పేది. 

ఇప్పుడామెకు నలభైకి ఒకటి తక్కువ. సిలార్ పోయాడు. షెడ్డు అన్నాచెల్లెళ్లిద్దరూ నడుపుతున్నారు.

ఆ షెడ్డు వెనక ఒక పాత మారుతీ ఎస్టీమ్ కారు చాలాకాలం పడి ఉండేది. క్వారీలో పనిచేసే ఒకాయన గేర్‌బాక్సు పోయిందని వదిలేసి, తరవాత బదిలీ మీద వెళ్లిపోతూ "నువ్వే ఉంచుకోమ్మా," అన్నాడు. సిద్దికా దాన్ని విప్పి, బాగుచేసి, లోపలి సీట్లూ తలుపుల అట్టలూ పీకేసి తేలిక చేసింది. తుళ్లూరు వైపు రాజధాని కోసం చదును చేసిన నేలలో కుర్రాళ్లు గుంజలు పాతి, వాటి మధ్య కార్లు తిప్పే పోటీ పెడుతున్నారని తెలిసి చూడటానికి వెళ్లింది. రెండోసారి చూడటానికి వెళ్లలేదు. నడపటానికి వెళ్లింది.

కారుతో వచ్చిన సన్న టైర్ల మీద ఆ బండి ప్రతి మలుపులోనూ సబ్బు మీద కాలేసినట్టు జారింది. ఇంజిన్లో ఊపు ఉంది, టైరుకు నేల అందడం లేదు. టైర్లతోనే పెరిగిన మనిషికి అది వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆటోనగర్లో వెతికి వెడల్పాటి రిమ్ములూ, ఎవరో రేసుల్లో సగం వాడేసిన మెత్తటి టైర్లూ సంపాదించి తొడిగింది. బండి నేలను పట్టుకుంది. కాకపోతే టైర్లు బాడీ దాటి బయటికొచ్చాయి, ఒక్కోటి మూడు వేళ్ల మేర.

ఆ బండినే చెన్నై దగ్గరి రేసింగ్ ట్రాక్‌కు తీసుకెళ్లింది. అక్కడ బళ్లు కొన్నేసి కలిసి తిరిగినా, ఒక్కొక్కరి చుట్టుకూ విడిగా సమయం చూస్తారు. ఎవరి చుట్టు తక్కువ సమయంలో పూర్తయితే వాళ్లు గెలిచినట్టు. మార్టూరు నుంచి రాతి పలకలు పట్టుకుపోయే లారీలో ఎస్టీమ్‌నీ ఎక్కించారు. ఖాజావలి కూడా వెళ్లాడు.

పోటీకి ముందురోజు ప్రతి బండినీ పరీక్ష చేస్తారు. అక్కడి అధికారి నెల్లూరు మనిషి. బండి చుట్టూ తిరిగి, తాపీమేస్త్రీలు వాడే గుండు దారం చక్రాన్ని కప్పే ఫెండరు రేకు మీంచి వేలాడదీశాడు. దారం టైరుకు తగిలి వంకరపోయింది. సిద్దికా ఫెండరు అంచుకు టైరును కొంతన్నా కప్పేలా రబ్బరు బద్ద ముందే అంటించి తెచ్చింది. ఆయన దాన్ని బొటనవేలితో లాగాడు. ఊడొచ్చింది.

"టైరు బాడీ బయటికి రాకూడదమ్మా. పక్క బండి చక్రం దీనికి తగిలిందంటే ఎగిరి పడుద్ది."

"రూలు తప్పని నేననడం లేదండీ."

"మామూలు టైర్లు తెచ్చారా?"

"తెచ్చాం సార్! లారీలో ఉన్నాయి," అన్నాడు ఖాజావలి చటుక్కున.

"అయితే అవి వేసుకుని రండి. పంపిస్తాను."

ఖాజావలి అప్పటికే లారీ వైపు నడిచాడు. సిద్దికా కదల్లేదు. "వద్దన్నా. ఈసారికి పోదాం పద," అంది.

ఖాజావలికి అర్థం కాలేదు. "ఇంత దూరం వచ్చి? ఆ టైర్లేసుకుని నాలుగు చుట్లు తిరిగితే ఏం పోయింది?"

"జారతా తిరిగి, నేనూ తిరిగానని ఊళ్లో చెప్పుకోడానికా? వాటి మీద జారుద్దని నాకు ముందే తెలుసుగా."

వాళ్లు ఊరు చేరేలోపే ఎవరో ఆ బండి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. కింద "నిక్కరు చాలని బండి" అని రాశారు. టీకొట్టు దగ్గర ఖాజావలిని చూసి రాతి యూనిట్ల వాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లలో తెలివైనవాళ్లు సలహా కూడా ఇచ్చారు. ఆ సలహా అందరిదీ ఒకటే.

"టైర్లు మార్చేసెయ్యే," అన్నాడు ఖాజావలి ఇంటికొచ్చి. "నలుగురూ అదే అంటన్నారు. పంతం దేనికి?"

"నలుగురికీ టైరే కనపడతందేం? బండి ఇరుగ్గా ఉందని ఒక్కడన్నా అనడేం?" సిద్దికా చేతిలో అన్నం కంచం కింద పెట్టింది. "టైరు తియ్యను. బండినే వెడల్పు చేస్తా."

అనడం తేలికే. కొత్త కార్లకైతే వెడల్పు చేసే ఫెండర్లు తయారుగా దొరుకుతాయి. తయారీ ఆగిపోయి ఏళ్లయిన ఎస్టీమ్‌కు ఎవరు చేస్తారు? చిలకలూరిపేటలో టింకరింగ్ మేస్త్రీ ఒకడు ఇనప రేకు వంచి అతికిస్తానన్నాడు గానీ, దాని బరువు తలుచుకుని ఆమే వద్దనుకుంది. ఇంకొకడు బండిని చూసి, ఆమెను చూసి, "మీ ఇంట్లో మగాళ్లు ఎవరన్నా ఉంటే పంపమ్మా," అన్నాడు. ఆ రోజు షెడ్డుకొచ్చిన లారీ డ్రైవర్లెవరూ ఆమెతో పరాచికాలాడలేదు.

దారి అనుకోకుండా దొరికింది. చీరాల దగ్గర ఓడరేవులో బోట్లను ఇసక మీదకు లాగే ట్రాక్టరు టైరు చీలిందని కబురొస్తే వెళ్లింది. పని అయ్యాక చేతులు కడుక్కుంటుంటే, తాటాకు పాక కింద ఒక మనిషి బోర్లించిన అచ్చు మీద గాజునార పరిచి, బ్రష్షుతో రెసిన్ జిగురు పూస్తూ కనిపించాడు. పక్కన పూత ఆరిన బోటు ఒకటి ఉంది. దాని ఒంపు మీద సిద్దికా చెయ్యి వేసి చూసింది. వేళ్లతో కొట్టింది. గట్టిగా, తేలిగ్గా మోగింది.

ఆ మనిషి పేరు జయరావు. యాభై దాటాయి. ఆదివారాలు చర్చిలో పాటలు పాడతాడు, మిగతా రోజులు ఫైబర్ బోట్లు చేస్తాడు. ఆమె చెప్పిందంతా విని, "కారుకి అలలు తగలవు గదమ్మా. నాకు తెలిసింది నీళ్ల పని," అన్నాడు.

"గాలి తగులుద్ది. బండి మలుపులో ఊగుద్ది. ఒకసారి వచ్చి చూడన్నా. నచ్చకపోతే వెళ్లిపో."

ఆ తరవాతి ఆదివారం ఆరాధన అయ్యాక, తెల్లచొక్కా మార్చకుండానే బస్సెక్కి మార్టూరు వచ్చాడు జయరావు. బండి పక్కన చతికిలబడి చాలాసేపు చూశాడు. తెల్లచొక్కా మీద రాతిపొడి పడింది. "చక్రం ఎంత ఊగుద్దో ముందు నువ్వు తేల్చు. ఆ తరవాత నేను ఒంపు తీస్తా," అన్నాడు.

సిద్దికా మొదటికొచ్చింది. ఎంత బాడీ పెంచాలో తెలియాలంటే, చక్రం ఎక్కడ ఉండాలో ముందు తేలాలి. రిమ్ములో బోల్టులు పడే పలక బయటి వైపుకి ఉంటే చక్రం బండి లోపలికి పోతుంది, లోపలికుంటే బయటికి పొడుచుకొస్తుంది. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. ఆమె మొదట కొన్న రిమ్ములు బాగా బయటికి పొడుచుకొచ్చే రకం. అలా బయటికి పోయిన చక్రం చిన్న రాయి తగిలినా స్టీరింగును చేతుల్లోంచి లాగేస్తుంది, బేరింగును నలిపేస్తుంది. చూడటానికి దర్జాగా ఉంటుందని దాన్నే ఉంచుకుని, దాని మీద బాడీ కట్టేస్తే తప్పు మీద తప్పు కట్టినట్టే. అందుకని ఆ రిమ్ములు అమ్మేసి, అంతే వెడల్పుతో లోపలికి ఒదిగేవి వెతికింది. పదిహేను అంగుళాల ఎత్తు, ఎనిమిది అంగుళాల వెడల్పు. లోపలి అంచు షాక్ అబ్జార్బరుకు ఒక్క వేలి దూరంలో ఆగింది. ఇంక అటు పోవడానికి చోటు లేదు. ఇటు టైరు బాడీ దాటి రెండు వేళ్ల మేర బయటికొచ్చింది. ఆ రెండు వేళ్లకే బాడీ పెంచాలి.

స్ప్రింగులు తీసేసి, జాకీతో చక్రాన్ని పైదాకా ఎత్తింది. చేలో రేగడి మట్టి తెచ్చి తడిపి, ముద్దలు చేసి ఫెండరు లోపల అంటించింది. స్టీరింగు ఇటు కొసదాకా, అటు కొసదాకా తిప్పింది. టైరు తగిలినచోట మట్టి నలిగింది. ఎక్కడ నలిగితే అక్కడ ఫెండరును గ్రైండరుతో కోసేసింది. కోస్తుంటే నిప్పురవ్వలు చూసి ఖాజావలి బయటికి వెళ్లి నిలబడ్డాడు. తండ్రి షెడ్డులో చక్కటి బండిని చేజేతులా నరుకుతుంటే చూడలేనన్నాడు.

ఆ కోసిన బండి మీద జయరావు థర్మాకోల్ దిమ్మలు అతికించి, చాకుతో చెక్కి, లప్పం పెట్టి నున్నగా రుద్దాడు. దాని మీంచి అచ్చు తీశాడు. అచ్చులో గాజునార పరిచాడు. గాజునార నలుసులు చర్మంలో దిగితే నిద్రపట్టదని సిద్దికాకు మోచేతులదాకా కొబ్బరినూనె రాసుకోమన్నాడు. "మిరపకాయలకన్నా నయమేలే," అందామె గోక్కుంటూ.

ఈ సంగతి గుంటూరు దాకా పాకింది. అక్కడ కార్ల అలంకారాల షాపు నడిపే సురేంద్ర అనే అతను ఒకరోజు వచ్చాడు. మర్యాదస్తుడే. చెన్నై పోటీ ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు. బదులుగా తలుపుల మీద తన షాపు పేరు, చక్రాలకు తను తెచ్చిన పద్దెనిమిది అంగుళాల మెరిసే రిమ్ములు, వాటి మీద సాగదీసి ఎక్కించిన సన్న టైర్లు ఉండాలన్నాడు. బండి నేలకు ఆనుకున్నంత కిందికి దించాలన్నాడు.

ఖాజావలి ముఖం వెలిగింది. సిద్దికా కాదనలేదు. ఒక జత తొడిగి చూద్దామంది. తొడిగాక నిజంగానే బండి మీద కళ్లు ఆగిపోయాయి. దారిన పోయేవాళ్లు బళ్లాపి ఫొటోలు తీసుకున్నారు. ఆమె ఫెండరు లోపల రెండు మట్టి ముద్దలు అంటించి, బండిని షెడ్డు ముందు గతుకులో ఒక్కసారి తిప్పి తెచ్చింది. మట్టి ముద్దలు లేవు. టైరు పక్కన రబ్బరు చీరుకుపోయి ఉంది.

"ఇదేం రోజూ తిప్పే బండి కాదుగా అక్కా. ఫొటోలో ఎట్టా ఉందో చూడు," అన్నాడు సురేంద్ర ఫోన్ చూపిస్తూ.

"ఫొటో మలుపు తిరగదు సురేంద్రా. ఈ ఇంజిన్ చిన్నది. ఇంత బరువు రిమ్ము కడితే గాడిదకు ఏనుగు గంట కట్టినట్టే. టైరేమో రిమ్ము మీద సాగి చచ్చిపోతంది. వెడల్పు రిమ్మేసి సన్న టైరు ఎక్కిస్తే నేను మళ్లీ మొదటికొచ్చినట్టే గదా?"

"పేరొస్తదక్కా."

"నీ రిమ్ములకొస్తది. తీస్కపో తమ్ముడూ, ఏమీ అనుకోకు."

సురేంద్ర కారు కనుమరుగయ్యాక ఖాజావలి కేకలేశాడు. "దేవుడు తలుపు తడితే తాళం వేస్తావే నువ్వు!" ఆమె కూడా గొంతు తగ్గించలేదు. హైవే అవతలి యూనిట్లో కోత యంత్రం ఆపి మరీ విన్నారు.

కొత్త ఫెండర్లు బండికెక్కించే ముందు జయరావుతోనూ పేచీ వచ్చింది. అంచుల దగ్గర ఇంకో పొర గాజునార వెయ్యాలన్నాడతను. "బోటుకైతే వేస్తానమ్మా. అంచుకే దెబ్బ తగిలేది." బరువు పెరుగుతుందని సిద్దికా వద్దంది. ఆమె మాటే నెగ్గింది.

మళ్లీ అదే ట్రాక్, అదే నెల్లూరు అధికారి. ఈసారి జయరావు కూడా వెంట వచ్చాడు. గుండు దారం వేలాడదీశాడు. దారం కొత్త ఫెండరు అంచును తాకుతూ తిన్నగా కిందికి దిగింది. టైరుకూ దారానికీ మధ్య అగ్గిపుల్లంత సందు. నాలుగు చక్రాల దగ్గరా చూశాడు. ఫెండరును గుంజాడు. బోల్టులు కదల్లేదు. బండి వెడల్పును ఇంకోసారి ఎగాదిగా చూసి, "టైర్లు మార్చుకుని వస్తారనుకున్నానమ్మా," అన్నాడు.

"బండి మార్చుకొచ్చానండీ," అంది సిద్దికా.

ఒక్కొక్కరికీ మూడు విడతలు. మొదటి విడతలో ఆమె జాగ్రత్తగా తిరిగింది. రెండో విడతలో ఆ జాగ్రత్త వదిలేసింది. బండి మలుపులోకి వెళ్లి, వంగి, పట్టుకుని, విసిరినట్టు బయటికొస్తోంది. హెల్మెట్ లోపల ఆమె గట్టిగా అరుస్తూనే ఉంది. ఏమని అరిచిందో తరవాత ఆమెకే గుర్తులేదు. నాలుగో చుట్టులో ఎడమ వెనక చక్రం మలుపు అంచున ఉన్న సిమెంటు గట్టు మీదకెక్కింది. పటుక్కున చప్పుడైంది. మరుసటి మలుపులో నల్లజెండా మీద నారింజ చుక్క చూపించారు. బండిలో లోపముంది, లోపలికి రమ్మని అర్థం.

దిగి చూసింది. వెనక ఫెండరు అంచు నుంచి జానెడు పొడుగున చీలి, ముక్క గాలికి ఊగుతోంది. పొర తక్కువైన చోటే చీలింది. ముక్క కోసేస్తే టైరు మళ్లీ బయటపడుతుంది. అంటే పోటీ అయిపోయినట్టే. వదిలేస్తే ఊడి వెనకొచ్చేవాళ్ల మీద పడుతుంది.

"నీ మాట వినుండాల్సింది జయన్నా," అంది.

"వినేదానివైతే అసలు ఇంత దూరం వచ్చేదానివి కాదులే," అన్నాడు జయరావు. సంచిలోంచి వలలు బాగుచేసే నైలాను దారం తీశాడు. ఖాజావలి ఎవరినో బతిమాలి డ్రిల్లు మిషను తెచ్చాడు. చీలికకు అటూ ఇటూ వరసగా అతనే బెజ్జాలు వేశాడు, ఒక్క బెజ్జం వంకర పోలేదు. జయరావు మోకాళ్ల మీద కూర్చుని, చిరిగిన వలను కుట్టినట్టు ఆ చీలికను కుట్టాడు. ప్రతి కుట్టుకూ ముడి వేశాడు.

అధికారి వచ్చి కుట్టిన చోట రెండు చేతులతో పట్టుకుని, కాలు చక్రానికి ఆనించి మరీ లాగాడు. ముడులు బిగిశాయే తప్ప ఊడలేదు. తల పంకించి వెళ్లిపోయాడు.

మూడో విడతలో ఆమె ఆ సిమెంటు గట్టుకు బెత్తెడు దూరంలో తిరిగింది. అంత దగ్గరగా పోయినా దాన్ని తాకలేదు. రోజంతట్లో ఆమె అన్నిటికన్నా వేగంగా తిరిగిన చుట్టు అదే. ఆ సైజు ఇంజిన్ల తరగతిలో అది ఆరో స్థానం.

సాయంత్రం బహుమతులిచ్చేటప్పుడు మైకులో ఆమె పేరు వినిపించింది. ఉత్తమ మహిళా డ్రైవరు. పోటీలో ఉన్న ఆడవాళ్లు ఇద్దరే. రెండో ఆమె హైదరాబాదు నుంచి వచ్చిన దీప్తి. సిద్దికా వేదిక దగ్గరకు వెళ్లింది గానీ కప్పు అందుకోలేదు.

"ఇది నాకొద్దండీ. ట్రాక్ మీద ఆడ మలుపులు, మగ మలుపులు వేరువేరుగా లేవుగా. నేను ఆరో స్థానంలో ఉన్నా. అది చెప్పండి మైకులో."

నిర్వాహకులు ముఖాలు చూసుకున్నారు. ముగ్గురి పేర్లే చదవడం ఆనవాయితీ అన్నారు. ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. వెనక ఎవరో ఈలేశారు, ఇంకెవరో తిట్టారు. చివరికి మైకు పట్టుకున్న కుర్రాడు కాగితం చూసి, నాలుగు, అయిదు స్థానాలు చదివి, "ఆరో స్థానం, సిద్దికా, మార్టూరు," అన్నాడు. కప్పు దీప్తికిచ్చారు. దీప్తి సంబరంగానే తీసుకుంది. సిద్దికా ఆమెకు చప్పట్లు కొట్టింది. మనసులో ఏమీ పెట్టుకోకుండానే కొట్టింది.

తిరుగు లారీలో డ్రైవరు పక్కన ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. నాయుడుపేట దాటేదాకా ఖాజావలి గొణుగుతూనే ఉన్నాడు. "కప్పు పుచ్చుకుంటే షెడ్డులో పెట్టుకునేవాళ్లం గదా. ఆరో స్థానాన్ని ఎక్కడ పెడతావే?"

సిద్దికా అది వినిపించుకోలేదు. ఆమె వేరే లెక్కలో ఉంది. "నా ముందున్న అయిదుగురి బళ్లూ వంగి చూశానన్నా. ఇద్దరివి సన్న టైర్లే. మన ఎస్టీమ్‌తో వచ్చినంత సన్నవి."

ఖాజావలి తిరిగి చూశాడు. "అంటే ఏందే? ఇంత చేసి, బండి నరికి, సురేంద్రను పంపించేసి... సన్న టైర్లోళ్లు నిన్ను కొట్టారా?"

"కొట్టారు."

"మరి నీ వెడల్పు ఏమైనట్టు?"

"వెడల్పుకేం, బాగానే ఉంది. నడపడం రావాలి నాకు. బండికి ఇంకా చాలా వచ్చు, నాకే రాలేదు." వెనక్కి తిరిగి, అద్దంలోంచి తాళ్లతో కట్టేసిన ఎస్టీమ్‌ను చూసుకుంది. "వాళ్లిద్దరూ వచ్చే నెల కోయంబత్తూరులో తిరుగుతారంట. ఎక్కడ బ్రేకు వేస్తన్నారో వెనకే ఉండి చూడాలి. జయన్నా, ఆ అంచుకు ఇంకో పొర ఎప్పుడు వేస్తావు?"

"ముందు నేనొప్పుకున్న బోటు పూర్తి చెయ్యనీ," అన్నాడు జయరావు కళ్లు మూసుకునే.

"బోటు ఆగుద్దిలే."

"ఆగదు. చేపలవేట మొదలవుద్ది."

ఆ వాదన నెల్లూరు దాకా సాగింది. మధ్యలో ఖాజావలి కూడా కలిశాడు, జయరావు పక్షాన.